పాటలీపుత్రము చెప్పు పాఠము

రాజధానులను రాజులు కట్టించిరని మనము చెప్పుకొందుము. కాని ఆ చోటును రాజు కంటె ముందు ఎన్నుకొన్నది నది. ఇందుకు పాటలీపుత్రమే సాక్షి.

గంగా శోణ నదులు కలియు చోటనున్న పాటలిగ్రామమున, వజ్జి గణములను ఎదుర్కొనుటకై మగధరాజు అజాతశత్రువు కోట కట్టించెను. అతని కుమారుడు ఉదాయి రాజధానిని అచటికి మార్చెను. నాటినుండి నదులే ఆ నగరమునకు రహదారులు, నదులే రక్షణ.

క్రీ.పూ. 300 ప్రాంతమున చంద్రగుప్త మౌర్యుని కొలువునకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు, అచట 570 బురుజులు, 64 ద్వారములు గల కొయ్య ప్రాకారమును వర్ణించెను. వానలకు, వరదలకు ఇటుక నిలువదని నదీతీర నగరములను కొయ్యతో కట్టుదురనియు తెలిపెను. 20వ శతాబ్ది తొలినాళ్ళలో బులందీబాగ్ త్రవ్వకములలో అట్టి దుంగలు బయల్పడినవి.

ఈ నగరమునకు నిప్పు, నీరు, అంతఃకలహము అను మూడు అపాయములు కలవని బుద్ధుడు పలికినట్లు బౌద్ధ గ్రంథములు చెప్పుచున్నవి. క్రీ.పూ. 185 ప్రాంతమున కడపటి మౌర్యుడు బృహద్రథుడు తన సేనాని పుష్యమిత్రుని చేతిలోనే హతుడయ్యెను. ఆ వేళ అగడ్తయు, ప్రాకారమును అక్కరకు రాలేదు.

కాలక్రమమున శోణ నదియు దారి మార్చుకొని, నేడు పాట్నాకు చాల పడమటగా గంగలో కలియుచున్నది. నది నడకను ఏ చక్రవర్తియు ఆపలేడు. ఇంటిలోని కలహమును ఆపుట మాత్రము మన చేతిలోని పనియే.