కాలేజీ గేటూ, కులం కాయితమూ

విశాఖపట్నం అంటే ఎవరికైనా సముద్రం గుర్తొస్తుంది, ఓడలు గుర్తొస్తాయి, ఉక్కు ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. సాయిబులు గుర్తురారు. హైదరాబాదులో పెళ్ళికెళ్తే మావాళ్ళే అడుగుతారు, 'వైజాగులో కూడా మనోళ్ళున్నారా?' అని. ఉన్నాం. జిల్లా మొత్తం లెక్కేస్తే నూటికి ఇద్దరికి అటూ ఇటూ. హార్బరు నోటి దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా. ఊరికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ మూడింటినీ కలిపి ఫోటో తీసుకుని మతసామరస్యం అంటారు. కొండలు ఎప్పుడూ సామరస్యంగానే ఉంటాయి. కొండ కింది ఇళ్ళల్లోంచి ఏ ఆడపిల్ల ఏ కాలేజీ దాకా పోగలిగిందో ఎవరూ ఫోటో తియ్యలేదు.

మా దాదా పోర్టులో ఖలాసీ. 1933లో హార్బరు తెరిచాక పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. ఆయన కూతురు, అంటే మా ఫుప్ఫు, 1960లో ఎస్సెస్సెల్సీ పాసయింది. మా ఖాందాన్‌లో అంతవరకూ చదివిన మొదటి ఆడపిల్ల. దానికి రెండేళ్ళ ముందే, 1958లో, జ్ఞానాపురంలో సెయింట్ జోసెఫ్స్ మహిళా కాలేజీ మొదలయింది. మా కోటవీధి నుంచి నడిచిపోగలిగే దూరం. ఫుప్ఫుతో చదివిన పిల్లలు ముగ్గురు పీయూసీలో చేరారు. ఫుప్ఫు చేరలేదు. ఎందుకు చేర్చలేదని అడిగితే దాదీమా ఒకటే మాట అనేది: 'పైసా కహాఁ సే లాతే బేటీ?' డబ్బొక్కటే కాదని ఫుప్ఫుకి తెలుసు. పిల్ల బీయే చదివితే బీయే చదివిన పిల్లోణ్ణి ఎక్కణ్ణించి తెస్తాం అన్నది అసలు భయం. ఖలాసీల ఇళ్ళల్లో మగపిల్లలు ఎనిమిదో క్లాసుకే జెట్టీ దారి పట్టేవాళ్ళు మరి.

ఆడపిల్లల కాలేజీ చరిత్ర ఎవరు రాసినా దాన్ని పెట్టినవాళ్ళ గురించి రాస్తారు. గేటు దాకా వచ్చి ఆగిపోయినవాళ్ళ గురించి కూడా రాయాలి. ఎవరు లోపలికెళ్ళారు, ఏ కాయితం పట్టుకుని వెళ్ళారు, ఆ ఫీజు ఎవరు కట్టారు అన్నవి నా ప్రశ్నలు. మన పిల్లల దగ్గర మార్కులు లేక కాదు, మన పిల్లల్ని ఏ గడిలో రాయాలో ఎవరికీ తెలియక ఆలస్యమయింది అని నేననుకుంటాను.

జ్ఞానాపురం కాలేజీ పెట్టింది ఆన్సీ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు. ఆన్సీ ఇవాళ ఫ్రాన్సులో ఉంది. వాళ్ళు 1849లో యానాంలో ఓడ దిగారు. అక్కణ్ణించి విశాఖ తీరానికొచ్చి బళ్ళు పెట్టారు. మొదటి అడుగు నుంచి మహిళా కాలేజీ దాకా రావడానికి వాళ్ళకే నూరేళ్ళు పైన పట్టింది. మరి మనవాళ్ళు? హైదరాబాదులో 1924లోనే ఆడపిల్లల కాలేజీ వచ్చింది, నాంపల్లిలో. 1949లో అది కోఠీలోని రెసిడెన్సీ భవనానికి మారింది. అది నిజాం రాజ్యం, ఉస్మానియా ఉర్దూ చదువు. కర్నూల్లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో ఉస్మానియా కాలేజీ పెట్టారు. మద్రాసులో జస్టిస్ బషీర్ అహ్మద్ సయీద్ గారు 1955లో ఆడపిల్లల కోసం కాలేజీ తెరిచారు. రెండేళ్ళ ముందు దాకా ఆ మద్రాసే మాకు రాజధాని. విశాఖ తీరాన మాత్రం నవాబులూ లేరు, జస్టిసులూ లేరు. ఉన్నది ఖలాసీలు, దర్జీలు, బేకరీలవాళ్ళు, చిన్న కొట్లవాళ్ళు. వాళ్ళు మసీదుకి సున్నం వేయించగలరు, ఓ మదరసా నడపగలరు. కాలేజీ పెట్టగల చేతులు కావు.

అందుకని మా పిల్లలు ఇంకో మైనారిటీ ఇంటి గుమ్మం తొక్కారు. ఇది సిగ్గుపడాల్సిన విషయమేం కాదు. పైగా దానివల్లే మా వీధి నుంచి డిగ్రీలు వచ్చాయి. 'ఆడపిల్లల కాలేజీ' అన్న మాటకి మా ఇళ్ళల్లో ఉన్న బరువు బయటివాళ్ళకి తెలియదు. కో-ఎడ్యుకేషన్ అంటే తలుపు మూసే అబ్బాలు ఆ మాట వింటే కాస్త ఆలోచిస్తారు. మా నానీమా అయితే మా అబ్బాతో ఏకంగా వాదించింది: 'అక్కడి సిస్టరమ్మలు కూడా తలమీద గుడ్డ కప్పుకునే ఉంటారు, మన పిల్ల కప్పుకుంటే ఎవరేమంటారు?' ఆమెకి ఏ ఆర్టికలూ తెలియదు గానీ మాట సరిగ్గా తగిలింది. 2022లో ఉడుపి ప్రభుత్వ మహిళా కాలేజీ గేటు దగ్గర హిజాబు వేసుకున్న పిల్లల్ని నిలబెట్టారని టీవీలో చూసినప్పుడు నానీమా మాటే గుర్తొచ్చింది. అదీ ఆడపిల్లల కాలేజీయే.

మైనారిటీ అన్న మాట ఒకటే గానీ దానిలో ఇద్దరం ఉన్నాం. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకి తమ విద్యాసంస్థలు తాము పెట్టుకుని నడుపుకునే హక్కిచ్చింది. 1991లో సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే మైనారిటీ కాలేజీ తన మతంవాళ్ళకి సగం సీట్ల దాకా ఇచ్చుకోవచ్చు, మిగతా సగం అందరికీ మెరిట్ మీద ఇవ్వాలి అంది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుమంది జడ్జీలు ఆ సగం లెక్క అన్నిచోట్లా ఒకలాగే ఉండనక్కర్లేదన్నారు. ఈ లెక్కల్లో క్రైస్తవ పిల్ల ఒక పక్క, 'అందరూ' ఇంకో పక్క. ముస్లిం పిల్ల ఆ 'అందరి'లోకి వస్తుంది. మైనారిటీ కాలేజీలో అడుగు పెట్టగానే మా పిల్ల మైనారిటీ కాకుండా పోతుంది! మెరిట్ జాబితాలో ఆమె పక్కన ఎవరుంటారు? 1980ల నుంచీ ఉక్కునగరం ఇంజనీర్ల కూతుళ్ళు, నేవీ ఆఫీసర్ల కూతుళ్ళు, ఇంగ్లీషు మీడియంలో పెరిగినవాళ్ళు. మా పిల్ల ఇంట్లో ఉర్దూ మాట్లాడి, మునిసిపల్ బడిలో తెలుగులో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు కూడబలుక్కుని వస్తుంది.

నేను డిగ్రీలో చేరింది 1983లో. అప్లికేషన్‌లో కులం దగ్గర ఏం రాయాలో తెలియక 'ముస్లిం' అని రాశాను. గుమాస్తా దాన్ని కొట్టేసి ఓసీ అని దిద్దాడు. తప్పు ఆయనది కాదు, అప్పటి నియమం అదే. దూదేకులవాళ్ళు 1970 నుంచీ బీసీ-బిలో ఉన్నారు, మెహతర్లు బీసీ-ఏలో ఉన్నారు. తక్కిన ముస్లింలంతా ఓసీ. ఖలాసీ మనవరాలు, జమీందారు మనవరాలు ఒకే గడిలో! స్కాలర్‌షిప్ నోటీసు అంటించిన రోజు నా పక్కన కూచునే ఫ్రెండు బోర్డు దగ్గరికి పరిగెత్తింది. నేను క్లాసులోనే కూచున్నాను. మా అమ్మీ గాజులమ్మి నా మూడేళ్ళ ఫీజు కట్టింది. మా చెల్లెలి వంతు వచ్చేసరికి గాజులు లేవు. అది ఇంటర్‌తో ఆగింది.

ఆ గడి మార్చడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. 1994లో ముస్లింల వెనుకబాటు విషయం పుట్టస్వామి కమిషన్ ముందుకెళ్ళింది. అది తేలకుండానే పదేళ్ళు గడిచాయి. 2004 జూలైలో అయిదు శాతం ఇస్తూ జీవో వచ్చింది, సెప్టెంబరుకల్లా హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, నవంబరులో అదీ పోయింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారి నివేదిక ఆధారంగా, మొత్తం ముస్లింలని కాకుండా వెనుకబడ్డ తెగలని విడగొట్టి నాలుగు శాతంతో బీసీ-ఇ పెట్టారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఆ ఉత్తర్వు నీడలోనే ఒక తరం డిగ్రీ చదివేసింది.

బీసీ-ఇలో అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, హజాములు, దోబీలు, షేకులు ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్లు, మొఘలులు లేరు. కాయితం మీద సబబుగానే ఉంది. మా వంటింట్లో చూస్తే వేరు. మేం షేకులం, మా చెల్లెల్ని ఇచ్చింది సయ్యద్‌లింట్లో. మరిది ఆటో నడుపుతాడు. 2008లో మా అమ్మాయీ, చెల్లెలి కూతురూ ఒకే ఏడు ఇంటర్ పాసయ్యారు. చెల్లెలి కూతురికే రెండు మార్కులెక్కువ. మా అమ్మాయికి బీసీ-ఇ, దానికి ఓసీ. 'పెద్దమ్మా, నేనేం ఎక్కువదాన్నయ్యాను?' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మా అమ్మాయి కాయితం కూడా ఊరికే రాలేదు. ఓ ఆఫీసులో ఋజువడిగారు. మా ఆయన టీసీలో 'ముస్లిం' అని మాత్రమే ఉంది. మావాళ్ళలో చాలామందికి అంతే, బడిలో చేర్చేటప్పుడు తెగ ఏదని ఎవరడిగారు గనక? ఆయన మా మేనమామ కొడుకే కాదు, అబ్బా వైపు కూడా చుట్టం. మూడుసార్లు తిరిగాక ఫుప్ఫు తన రేకుపెట్టెలోంచి 1960 నాటి ఎస్సెస్సెల్సీ పుస్తకం తీసింది. అందులో ఆనాటి హెడ్మాస్టరు చేతిరాతతో 'షేక్' అని ఉంది. ఆమెని కాలేజీ గేటు దాటించలేని ఆ పుస్తకం నలభై ఎనిమిదేళ్ళ తర్వాత మా అమ్మాయికి పనికొచ్చింది.

ఇంకో మెలిక ఉంది. 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ ప్రైవేటు కాలేజీల్లో కూడా రిజర్వేషన్లు పెట్టొచ్చంది గానీ, మైనారిటీ సంస్థల్ని మినహాయించింది. ముస్లిం అబ్బాలు నమ్మి పంపే ఆడపిల్లల కాలేజీలేమో చాలావరకు క్రైస్తవ సంస్థలవి. అక్కడ బీసీ-ఇ సీటు హక్కుగా అడగలేం, వాళ్ళిస్తే తీసుకోవాలి. చాలామంది సిస్టర్లు మంచిమనసుతోనే ఇచ్చారు, ఇస్తున్నారు. మంచిమనసు ప్రిన్సిపాల్‌తో పాటు మారిపోతుంది, హక్కు మారదు. అంతే తేడా.

2006లో సచార్ కమిటీ చెప్పిన లెక్క ఒకటి అందరూ మర్చిపోయారు. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే పాతికమందిలో ఒకరు, పీజీ చదివే యాభైమందిలో ఒకరు మాత్రమే ముస్లిం అని తేల్చింది. దాంతోపాటు ఓ ఉపాయం కూడా చెప్పింది. యూనివర్సిటీలూ, అటానమస్ కాలేజీలూ సీటుకి నూరు పాయింట్లు పెట్టుకోండి, అరవై మార్కులకివ్వండి, నలభై వెనుకబాటుకివ్వండి అంది. ఆ నలభైలో ఇంటి ఆదాయానికి పదమూడు, వెనుకబడ్డ జిల్లాకి పదమూడు, కుటుంబం వృత్తికీ కులానికీ కలిపి పద్నాలుగు. మతం ఊసే లేదు. ఆ లెక్కన ఆటో నడిపే సయ్యద్ కూతురు గట్టెక్కేది. జాలరిపేట పిల్లా, అరకు నుంచొచ్చిన పిల్లా కూడా గట్టెక్కేవాళ్ళు. కోటాల మీద కోర్టులకెక్కినవాళ్ళు గానీ, మన నాయకులు గానీ దీన్ని పట్టించుకోలేదు. పాయింట్ల మీద ఊరేగింపులు తియ్యలేం కదా!

సీటు దొరికాక ఫీజు. ఎయిడెడ్ సెక్షన్లో లెక్చరర్ల జీతాలు ప్రభుత్వమిస్తుంది గనక ఫీజు తక్కువ. 2008 తర్వాత వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ మా వీధికి చేసిన మేలు ఏ ఉపన్యాసమూ చెయ్యలేదు, ఒప్పుకోవాలి. తర్వాత ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో వెయ్యడం మొదలుపెట్టారు. మా వీధిలో నలుగురు ఆడవాళ్ళు బ్యాంకు లోపల ఎలా ఉంటుందో మొదటిసారి చూసింది అప్పుడే. 2021లో ఎయిడెడ్ కాలేజీలని ఆస్తులతో సహా అప్పగించండి, లేదా ఎయిడ్ వదులుకోండి అన్నారు. విశాఖలో పిల్లలూ తల్లిదండ్రులూ రోడ్డెక్కారు. నవంబరులో ప్రభుత్వం బలవంతమేమీ లేదని వెనక్కి తగ్గింది. ఢిల్లీ వైపు నుంచి మైనారిటీ ఆడపిల్లలకిచ్చే బేగం హజ్రత్ మహల్ స్కాలర్‌షిప్ ఉండేది. దాన్నిచ్చే మౌలానా ఆజాద్ ఫౌండేషన్‌ని మూసెయ్యమని 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఉత్తర్వులిచ్చింది. పరిశోధన చేసేవాళ్ళ ఫెలోషిప్ 2022లోనే ఆగింది.

చెల్లెలి కూతురు ఓపెన్లో సీటు తెచ్చుకుంది. ఫీజులో సగం నేను సర్దాను, సగం అది సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుని కట్టుకుంది. 2011లో ఇద్దరూ ఒకే రోజు పట్టాలు తెచ్చి ఫుప్ఫు చేతిలో పెట్టారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని రెంటినీ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చదివింది. 'ఇందులో షేకూ సయ్యదూ అని రాయలేదే' అంది.

రాయరు ఫుప్ఫూ. చేరేటప్పుడే రాయించుకుంటారు.