దారుల్ తర్జుమా నుంచి వాట్సాప్ నోట్సు దాకా

మా అబ్బా నల్గొండలో ఉర్దూ మీడియంలో చదివారు. ఫిజిక్సును ఆఖరిదాకా 'తబీయాత్' అనే అనేవారు. ఆ లఫ్జ్ వెనుక ఒక పెద్ద కార్ఖానానే ఉంది.

1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఉర్దూలో పైచదువు చెప్పే జామియా కోసం ఫర్మానా ఇచ్చాడు. అస్లీ ముష్కిల్ ఏమిటంటే, చెప్పడానికి ఉర్దూలో కితాబులు లేవు. అందుకని ముందు దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ, పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నాజిమ్. సైన్సు తెలిసినవాళ్లూ జబాన్ తెలిసినవాళ్లూ కూర్చుని ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు ఉర్దూ మాట తేల్చేవాళ్లు. 1919లో క్లాసులు మొదలయ్యాయి. మనం ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ ఇమారత్ పూర్తయింది మాత్రం 1939లో. ముందు కితాబ్, తర్వాత ఇమారత్. ఈ తర్తీబ్ నాకు చాలా పసంద్.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. నల్గొండ, పాలమూరు పల్లెల్లో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. మా ఉర్దూకు దక్కిన ఇజ్జత్ వాళ్ల తెలుగుకు దక్కలేదు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టింది ఆ జమానాలోనే. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయింది, దాని జాగాలో ఇంగ్లీషు కూర్చుంది. తెలుగుకు తన దారుల్ తర్జుమా 1968లో తెలుగు అకాడమీ రూపంలో దొరికింది.

అంతలో కంప్యూటర్ వచ్చింది. మా నస్తాలీఖ్ లిపి సీసం అచ్చులకు లొంగేది కాదు, కాతిబ్ చేత్తో రాస్తేనే పని. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఉర్దూ డీటీపీ సులువైంది. తెలుగుకు అను ఫాంట్లు వచ్చాయి. దేవుడి దయ, పుస్తకాలు ఖూబ్‌సూరత్‌గా అచ్చయ్యాయి. కానీ రెండింటిదీ ఒకటే ఐబ్: ఆ ఫైలును ఇంకో మెషీన్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చిగీతలు. యూనికోడ్ 1991లోనే తెలుగుకూ ఉర్దూకూ జాగా ఇచ్చింది. డీటీపీ దుకాణాలు మాత్రం ఏళ్ల తరబడి అటు చూడలేదు.

2007లో నల్గొండకు మహాత్మా గాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. 2016 నుంచి డిగ్రీ సీట్లు 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. దరఖాస్తు, ఫీజు, హాల్‌టికెట్, అన్నీ ఫోన్లోకి ఎక్కాయి. చదువు సంగతి 2020లో లాక్‌డౌన్ పడ్డాక బయటపడింది. డిగ్రీ తెలుగు మీడియం చదివే మా చెల్లెలి బిడ్డకు నోట్సు వాట్సాప్‌లో వచ్చేది. చూస్తే, చేతిరాత కాగితాలకు తీసిన ఫొటోలు. కొన్ని వంకర, కొన్ని మసక. పరీక్ష ముందర ఒక మాట వెతుకుదామంటే ఫొటోలో వెతికేదెట్లా? వేలితో జరుపుతూ నూరు బొమ్మలు చూడాల్సిందే. ఇంగ్లీషు మీడియం పిల్ల ఒక మాట కొడితే పదిచోట్ల జవాబ్ దొరుకుతుంది. ఫోన్లు ఇద్దరివీ ఒకటే.

ఉస్మానియా లైబ్రరీ పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. తెరిస్తే మొదట్లో లైబ్రరీ చీటీ కూడా కనబడుతుంది, ఫలానా తారీఖులోగా వాపస్ ఇవ్వాలని. చూస్తే దిల్ ఖుష్ అవుతుంది. కానీ అవీ బొమ్మలే. 'తబీయాత్' అని కొడితే లోపలి పేజీ దొరకదు.

కాలేజీలకు కొత్త కంప్యూటర్లు అడిగే సాహెబులకు నా గుజారిష్ ఒకటే. ఒక్కొక్క సబ్జెక్టుకు ఒక మంచి తెలుగు కితాబ్, ఒక మంచి ఉర్దూ కితాబ్ యూనికోడ్‌లో టైపు చేయించి, తప్పులు దిద్దించి, అందరికీ తెరిచి పెట్టండి. దానికి కావలసింది కొందరు టైపిస్టులు, సబ్జెక్టు తెలిసిన కొందరు ఉస్తాదులు, ఒక ఏడాది జీతం. 1917లో కంప్యూటర్ లేకుండానే ఇంతకన్నా పెద్ద పని మొదలుపెట్టారు.