మిస్టరీ షాపింగ్: కస్టమర్‌లా వచ్చే పరిశీలకుడు

మామూలు కస్టమర్‌లా దుకాణానికి వెళ్లి, అక్కడి సేవలు ఎలా ఉన్నాయో చూసి యజమానికి రిపోర్టు ఇవ్వడమే మిస్టరీ షాపింగ్. 1940లలో అమెరికాలో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. మొదట్లో సిబ్బంది నిజాయితీని పరీక్షించడానికే వాడేవారు. తర్వాత సేవల నాణ్యత మీదకు దృష్టి మళ్లింది. మన దేశంలో రిజర్వ్ బ్యాంకు అధికారులు కూడా తామెవరో చెప్పకుండా బ్యాంకు శాఖలకు వెళ్లి, నోట్ల మార్పిడి ఎలా జరుగుతోందో చూస్తుంటారు.

ఎలా చేస్తారు?
ప్రశ్నలు ముందే రాసుకుంటారు. ఎంతసేపటికి పలకరించారు? ధర సరిగ్గా చెప్పారా? బిల్లు ఇచ్చారా? సరుకు మార్చమంటే ఏమన్నారు? రిపోర్టులో "సర్వీసు బాగోలేదు" అంటే చాలదు. "ఏడు నిమిషాలు నిలబడ్డా ఎవరూ పలకరించలేదు" అని రాయాలి.

చిన్న దుకాణమైతే సిబ్బందికి తెలియని బంధువునో, స్నేహితుడినో పంపినా సరిపోతుంది.

ఒక్కసారి చూసి తేల్చొద్దు
రంజాన్ చివరి వారంలో బట్టల షాపులో ఒక్క సేల్స్‌మన్ పది మందికి చూపిస్తుంటాడు. ఆ పూట రిపోర్టు చూసి అతన్ని తీసేస్తే ఒక ఇంటి జీతం పోతుంది, రద్దీ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చూడాలి. ఇలాంటి పరిశీలన ఉంటుందని సిబ్బందికి ముందే చెప్పాలి. తప్పు మనిషిదా, ఏర్పాటుదా అన్నది తేల్చాలి.

మోసాలతో జాగ్రత్త
"మిస్టరీ షాపర్ ఉద్యోగం, ముందు ఫీజు కట్టండి" అని మెసేజ్ వస్తే నమ్మొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.