శెనక్కాయ ముందా, బసవన్న ముందా?

కార్తీక మాసం చివరి సోమవారం వచ్చిందంటే మన బెంగళూరు బసవనగుడిలో ఎక్కడ చూసినా శెనక్కాయల కుప్పలే. దొడ్డ బసవన్న గుడి ముందు, బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా గోనెపట్టలు పరిచి రైతులు, వ్యాపారులు కూర్చుంటారు. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి సేరుతో కొలిచి పోస్తారు. కన్నడంలో దీన్ని కడలేకాయి పరిషె అంటారు. మా ఇంట్లో శెనక్కాయల పరస అంటాం. కోలారు, చింతామణి, మాగడి వైపు నుంచి, ఆంధ్ర, తమిళనాడుల నుంచి కూడా కాయలు వస్తాయి. అందుకే బేరం మూడు భాషల్లో జరుగుతుంది.

వానలు పడ్డాక జూన్, జూలై నెలల్లో విత్తిన చెట్లను అక్టోబరు, నవంబరుల్లో పీకుతారు. కాయలు కోసి ఆరబెట్టేసరికి కార్తీకం వస్తుంది. కాబట్టి పరస రోజును పంచాంగం చూసి చెప్పినా, దాన్ని అసలు నిర్ణయించింది పంటే.

ఈ పరసకు ఒక కథ ఉంది. పూర్వం ఇక్కడ సుంకేనహళ్ళి, మావళ్ళి, గుట్టహళ్ళి లాంటి పల్లెలు ఉండేవి. పున్నమి రాత్రి ఒక ఎద్దు వచ్చి శెనగ చేను మేసిపోయేదట. రైతులు తరిమితే అది గుట్టమీదికి పోయి రాయి అయిపోయిందట. ఆ రాయి పెరుగుతూనే ఉంటే తలమీద ఇనుప శూలం నాటి ఆపారట. (మన యాగంటి బసవన్న కూడా పెరుగుతున్నాడనే చెప్తారు కదా!) రైతులు తప్పు ఒప్పుకొని, ఏటా మొదటి పంట నీకే అని మొక్కుకున్నారట. 1537లో కెంపేగౌడ గుడి కట్టించాడని చెప్తారు. ఏకశిలతో చేసిన ఆ బసవన్న ఎత్తు సుమారు 15 అడుగులు.

సోషల్ పాఠంలో కొత్త పంటల గురించి చదివినప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. బంగాళదుంప లాగానే శెనక్కాయ కూడా దక్షిణ అమెరికా పంట. పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్ చేరింది 1500లో. ఆ తర్వాతే యూరపువాళ్ళ ఓడలు ఈ పంటను లోకమంతా తిప్పాయి. దక్షిణ భారతంలో ఇది పెద్ద ఎత్తున సాగైంది 19వ శతాబ్దంలో. అప్పుడు పుదుచ్చేరి రేవు నుంచి నూనె కోసం ఫ్రాన్సులోని మార్సెయికి ఎగుమతి అయ్యేది. మరి 1537లో సుంకేనహళ్ళి చేలల్లో శెనక్కాయ పండిందంటే ఎలా నమ్మాలి?

పేరు చూసినా ఇదే తెలుస్తుంది. మనం వేరుశనగ అంటాం. కన్నడవాళ్ళు కడలేకాయి అంటారు, తమిళులు వేర్కడలై అంటారు. కడలె, కడలై అన్నా శనగే. అంటే ఈ కొత్త కాయకు మూడు భాషలవాళ్ళూ తమ పాత శనగ పేరే పెట్టుకున్నారు. తమిళంలో మణిలా కొట్టై అనే పేరు కూడా ఉంది. అది సముద్రం దాటి వచ్చిందని ఆ పేరే చెప్తోంది.

ఇదంతా మా అవ్వకు చెప్పాను. ఆమెది చింతామణి దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచి శెనగ చేలో పనిచేసింది. "అయితే బసవన్న కథ అబద్ధమంటావా?" అని కోపంగా అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు. తర్వాత ఆలోచిస్తే ఇలా అనిపించింది: ఎద్దు చేను మేయడం, రైతు దాన్ని కొట్టి బాధపడటం, మొదటి పంట దేవుడికి పెట్టడం ఏ పంటకైనా జరిగేవే. ఆ చేలో ముందు ఇంకో పంట ఉండి, శెనక్కాయ వచ్చాక కథలోకి కూడా వచ్చి ఉండవచ్చు. ఇది నా ఊహ మాత్రమే. అవ్వ విని, "అట్లయితే సరే" అంది.

ఆ చేలు కూడా ఇప్పుడు లేవు. 1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చాక, ఇరుకు పేటల్లోని జనానికి గాలీ వెలుతురూ ఉండాలని బసవనగుడి, మల్లేశ్వరం పేటలు వేశారు. పొలాలు పోయి రోడ్లు, ఇళ్ళు వచ్చాయి. అయినా పరస ఆగలేదు. పండించే ఊళ్ళు దూరమైనా కాయలు బండెక్కి వస్తూనే ఉన్నాయి.

తెలుగులో మాట్లాడితే "మీరు ఎప్పుడొచ్చారు ఇక్కడికి?" అని మమ్మల్ని కొందరు అడుగుతారు. మా అవ్వ ఊరు కర్ణాటకలోనే ఉంది, ఆమె అమ్మ ఊరూ అంతే. శెనక్కాయను మాత్రం ఎవరూ అలా అడగరు. దాని పూలు పైన పూస్తాయి, తర్వాత ఊడలు దిగి మట్టిలో కాయ కాస్తుంది. ఎక్కడి నుంచో వచ్చిన ఆ కాయనే ఈ ఊరు తన దేవుడికి మొదటి పంటగా పెట్టుకుంది.

ఈసారి పరసకు వెళ్తే గుడ్డ సంచి తీసుకెళ్ళండి. అమ్మే అవ్వను ఏ ఊరు అని అడగండి. తెలుగులోనే జవాబు రావచ్చు.