దేవుడు దొరైన కథ

కొన్నాళ్ల క్రితం మా బి.ఎ. విద్యార్థి ఒకడు నా బల్లమీద ఒక లావుపాటి బొమ్మల పుస్తకం పెట్టి, "ఇది చదివి నా ప్రశ్నకు జవాబు చెప్పండి సార్" అన్నాడు. పుస్తకం పేరు "ఇన్‌జస్టిస్: గాడ్స్ అమాంగ్ అజ్". అంటే, "అన్యాయం: మన నడుమ దేవుళ్లు" అని. అమెరికాలో డి.సి. కామిక్సు సంస్థ 2013లో వారం వారం వెలువరించిన కథలను చేర్చి కుట్టిన సంపుటి అది. ఆ ఏడే ఏప్రిల్‌లో అదే పేరుతో ఒక వీడియో ఆట బజారులోకి వచ్చింది. ఆట మొదలయ్యేటప్పటికి ముందు అయిదేళ్లలో ఏం జరిగిందో చెప్పడం ఈ పుస్తకం పని. ఒక్క మాటలో, ఆటకు పూర్వగాథ.

అతని ప్రశ్న ఇది: "ప్రపంచంలో యుద్ధాలన్నీ ఆపించినవాణ్ణి ఈ కథలో దుర్మార్గుడుగా ఎందుకు చూపించారు?"

ఇలాంటి పుస్తకాల గురించి మనవాళ్లలో రెండు అభిప్రాయాలు స్థిరపడి వున్నాయి. ఒకటి, ఇది చిన్నపిల్లల చెత్త అని. రెండోది, ఇది అమెరికా సామ్రాజ్యవాదపు ప్రచారం అని. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని రెండూ కూడా చదవకుండా తప్పించుకోవడానికి బాగా పనికివస్తాయి. నేనూ చాలా కాలం అట్లా తప్పించుకున్నవాణ్ణే. కోట్లమంది యువకులు చదివే, ఆడే కథను మనం చదవకపోతే నష్టం ఆ కథకు కాదు, మనకే.

కథ ఇది. జోకర్ అనే దుండగుడు సూపర్‌మాన్‌ను విషవాయువుతో భ్రమకు లోనుచేస్తాడు. తాను ఒక రాక్షసుణ్ణి చంపుతున్నాననుకుని సూపర్‌మాన్ గర్భవతి అయిన తన భార్య లోయిస్‌ను చంపుకుంటాడు. ఆమె గుండెకు ముడిపెట్టిన అణుబాంబు పేలి మెట్రోపోలిస్ నగరమంతా బూడిదవుతుంది. సూపర్‌మాన్ జోకర్‌ను తన చేతులతో చంపేస్తాడు. ఆ తర్వాత, ప్రపంచమంతటా కాల్పులు ఆపాలని ఆజ్ఞాపిస్తాడు. ఎక్కడ సైన్యం ప్రజలమీద పడితే అక్కడ వాలిపోతాడు. అమెరికా ప్రభుత్వం అతన్ని లొంగదీయడానికి అతని ముసలి తలిదండ్రులను అపహరింపజేస్తుంది. అతని పాత స్నేహితుడు బాట్‌మాన్ ఎదురు తిరుగుతాడు. క్రమంగా ఆజ్ఞలు చట్టాలవుతాయి, చట్టాలు ఒక ప్రభుత్వమవుతాయి. వ్యతిరేకించినవాడు శత్రువవుతాడు. గ్రీన్ ఆరో అనే పాత సహచరుణ్ణి సూపర్‌మాన్ కొట్టి చంపుతాడు. శాంతి పేరిట మొదలైనది నిరంకుశత్వమై కూర్చుంటుంది.

నిజం చెప్పాలి. మొదటిసారి చదివినప్పుడు సగం పుస్తకం దాకా నేను సూపర్‌మాన్ పక్షాన వున్నాను. యుద్ధం చేసే జనరల్ చేతిలోంచి తుపాకి లాగేసేవాడు దొరికితే ఎవరు కాదంటారు? బాట్‌మాన్ కోటీశ్వరుడు. తన సంపద, తన భవనం, తన రహస్య గుహ కాపాడుకుంటూ ధర్మపన్నాలు చెప్పే పెద్దమనిషి. వర్గదృష్టి వున్న పాఠకుడు అతనివైపు ఎట్లా మొగ్గుతాడు? కాని గ్రీన్ ఆరో చావు దగ్గరకు వచ్చేసరికి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నేను ఏ పేజీ దగ్గర ఆగి వుండవలసింది అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆ పేజీ ఇదీ అని వేలు పెట్టి చూపలేకపోయాను. విద్యార్థి ప్రశ్నకు జవాబు వెతకాలంటే చరిత్రలోకి వెళ్లాలని అప్పుడే తోచింది.

సూపర్‌మాన్ 1938లో పుట్టాడు. "యాక్షన్ కామిక్సు" మొదటి సంచిక ఆ ఏడు జూన్ తేదీతో వెలువడింది, వెల పది సెంట్లు. అతన్ని సృష్టించినవాళ్లు క్లీవ్‌లండ్ నగరంలో పెరిగిన ఇద్దరు కుర్రవాళ్లు: రచయిత జెర్రీ సీగెల్, చిత్రకారుడు జో షుస్టర్. ఇద్దరూ యూదు వలస కుటుంబాల పిల్లలు. 1937-38లో ఆర్థిక మాంద్యం మళ్లీ విజృంభించిన రోజులవి. ఆనాటి సూపర్‌మాన్‌ను చూస్తే ఈనాటివాళ్లు పోల్చుకోలేరు. రెండో సంచికలో అతని శత్రువు ఒక ఆయుధ వ్యాపారి. పోరాడుతున్న రెండు సైన్యాల అధిపతులను పట్టి తెచ్చి ఎదురెదురుగా నిలబెడతాడు. తమలో తమకు ఏ పగా లేదనీ, ఆయుధాలు అమ్ముడుపోవడానికే తాము కొట్టుకుంటున్నామనీ అప్పుడు వాళ్లకు తెలిసివస్తుంది. మూడో సంచికలో గనిలో ప్రమాదం జరుగుతుంది. సూపర్‌మాన్ గని కార్మికుడి వేషం వేస్తాడు. విందు చేసుకుంటున్న గని యజమానిని, అతని అతిథులను గనిలోకి దింపి దారి మూసేస్తాడు. పట్టు వస్త్రాలతో పార పట్టి తవ్విన తర్వాత యజమానికి బుద్ధి వస్తుంది. 1939 జనవరి సంచికలో ఏకంగా మురికివాడను కూల్చివేస్తాడు, దాంతో ప్రభుత్వం పేదలకు మంచి ఇళ్లు కట్టిస్తుంది.

ఇదంతా చదివి, "ఆహా, ఒకప్పుడు సూపర్‌మాన్ మనవాడే, పెట్టుబడిదారులు అతన్ని చెడగొట్టారు" అని వ్యాసం ముగిద్దామని నాకూ అనిపించింది. కాని అది అర్ధసత్యం. ఆ గని కథను మళ్లీ చూడండి. అందులో యజమాని వున్నాడు, రక్షకుడు వున్నాడు, గాయపడ్డ కార్మికుడు వున్నాడు. కార్మిక సంఘం లేదు. ఆ కథ అచ్చయ్యేనాటికి ఏడాదిన్నర కిందటనే మిచిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ పట్టణపు మోటారు కార్మికులు ఫ్యాక్టరీలోనే బైఠాయించి, 44 రోజులు పట్టు విడవక, 1937 ఫిబ్రవరిలో తమ సంఘానికి గుర్తింపు సాధించుకున్నారు. వాళ్లలో ఎగిరేవాడు ఎవడూ లేడు. క్లీవ్‌లండ్‌కు ఫ్లింట్ మరీ దూరం కూడా కాదు. అయినా ఆ సమ్మె సూపర్‌మాన్ కథలో ప్రవేశించలేదు. ప్రవేశిస్తే సూపర్‌మాన్‌తో పని వుండదు. గని యజమానికి బుద్ధి చెప్పాలంటే పైనుంచి ఒకడు దిగిరావాలి. దిగివచ్చినవాడు మంచివాడు కనక అతన్ని ఎవరూ ఏమీ అడగనక్కరలేదు. ఈ నమ్మకంమీదే ఆ కథ నిలబడింది.

ఒక తేడా మాత్రం గమనించాలి. 1940 ఫిబ్రవరిలో "లుక్" పత్రిక కోరగా సీగెల్, షుస్టర్లు రెండు పేజీల కథ చేశారు, సూపర్‌మాన్ యుద్ధాన్ని ఎట్లా ముగిస్తాడు అని. అందులో అతను హిట్లర్‌నూ స్టాలిన్‌నూ పట్టుకుని జెనీవాలో నానాజాతి సమితి ముందు నిలబెడతాడు. హిట్లర్ పక్కన స్టాలిన్‌ను చూస్తే మన పాఠకుల్లో కొందరికి కష్టంగా వుంటుంది. అది జర్మనీ, సోవియట్ ఒడంబడిక అమలులో వున్న కాలమనీ, ఫిన్లండ్ యుద్ధం సాగుతున్న కాలమనీ మరచిపోకూడదు. కష్టంగా వున్నంత మాత్రాన దాచవలసిన పని లేదు. నాజీ ఎస్.ఎస్. పత్రిక ఆ ఏప్రిల్‌లోనే సీగెల్‌ను యూదుడని తిట్టిపోసింది. నేను చెప్పదలచినది, ఆ కథలో సూపర్‌మాన్ పట్టి అప్పగించాడే గాని తీర్పు చెప్పలేదు. ఎంత బలహీనమైనదైనా అతని కథలో ఒక న్యాయస్థానం వుంది. 2013 కథలో అది లేదు. పట్టేవాడూ, తీర్పు చెప్పేవాడూ, శిక్షించేవాడూ ఒక్కడే.

ఈ నడుమ ఏం జరిగింది? గని యజమానులతో పోట్లాడే సూపర్‌మాన్ 1940 తర్వాత త్వరలోనే మాయమై, దొంగలతో, పిచ్చి శాస్త్రజ్ఞులతో సరిపెట్టుకునే సూపర్‌మాన్ మిగిలాడు. 1954లో ప్రచురణకర్తలంతా కలిసి పెట్టుకున్న కామిక్సు నియమావళి పోలీసులమీద, జడ్జీలమీద, ప్రభుత్వాధికారులమీద గౌరవం తగ్గించే రాతలను నిషేధించింది. ఆ నియమావళిని డి.సి. సంస్థ 2011లో వదిలేసింది. దాంతో సూపర్‌మాన్ మళ్లీ ప్రభుత్వాలను ఎదిరించవచ్చు. కాని ఇప్పుడు ఎదిరిస్తే నియంత అవుతాడు! 2003లో వచ్చిన "రెడ్ సన్" కథలో సూపర్‌మాన్ సోవియట్ గడ్డమీద పడి, పెరిగి, ప్రపంచానికి నియంత అవుతాడు. ఆ తప్పును సోవియట్ ఖాతాలో రాసి చేతులు దులుపుకోవడానికి వీలుంది. "ఇన్‌జస్టిస్"లో ఆ వీలు లేదు. ఇందులో నియంత కాన్సస్ రాష్ట్రంలో రైతు ఇంట పెరిగిన అచ్చమైన అమెరికన్ కుర్రాడే.

ఈ గుణం రచయిత టామ్ టేలర్‌ది. ఈయన ఆస్ట్రేలియన్, నాటకాలు రాసినవాడు. అయితే కథ ముగింపు ఆయన చేతిలో లేదు. ఆటను తయారుచేసింది నెదర్‌రెల్మ్ స్టూడియో. మనిషీ మనిషీ కలియబడి కొట్టుకునే ఆటలకు పేరుపడ్డది. అలాంటి ఆటకు సూపర్‌మాన్, బాట్‌మాన్ కొట్టుకోవాలి. ఎందుకు కొట్టుకుంటారో చెప్పడానికి పూర్వగాథ కావాలి. ముగింపు ముందే ఖాయమైపోయింది, కారణాలు సమకూర్చడమే రచయిత వంతు. బేరానికి ఒప్పుకున్న నాటకంలో కూడా నిజాయితీగల నటుడు తన రెండు మాటలు పలికినట్టు, టేలర్ ఆ ఇరుకులోనే మంచి ప్రశ్న వేయగలిగాడు.

ఆ ఇరుకు ఎట్లాంటిదో ఒక ఉదాహరణ. ఆటలో ఎవరు ఎవరినైనా కొట్టగలగాలి. మామూలు మనిషి జోకర్ సూపర్‌మాన్‌ను గుద్దితే అతను పడిపోవాలి, లేకపోతే ఆట సాగదు. అందుకని మామూలు మనిషికి అమానుష బలమిచ్చే మాత్ర ఒకటి కల్పించారు. ఆటకోసం పుట్టిన ఆ మాత్ర కథలోకి వచ్చేసరికి పెద్ద రాజకీయ వస్తువైంది. బలం అందరికీ పంచవచ్చునంటే దేవుళ్లెందుకు? సూపర్‌మాన్ ఆ మాత్రలను తన సైనికులకు ఇస్తాడు. బాట్‌మాన్ వాటిని దొంగిలించి తన తిరుగుబాటుదారులకు ఇస్తాడు. వీధిలోని మనిషికి పంచాలని ఇద్దరిలో ఎవరికీ తోచదు! మొదటి సంవత్సరపు కథ చివర సూపర్‌మాన్ బాట్‌మాన్ నడుం విరుస్తాడు. అప్పుడు బాట్‌మాన్ ఇంటి నౌకరు, ముసలి ఆల్‌ఫ్రెడ్, ఆ మాత్ర మింగి సూపర్‌మాన్‌ను చితకబాదుతాడు. చదువుతుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఈ పుస్తకంలో పని చేసి బతికే మనిషి చెయ్యెత్తిన ఆ ఒక్క సందర్భం కూడా యజమానిని కాపాడుకోవడానికే.

ఇక ఈ దేవుడి యజమానుల సంగతి. 1938లో సీగెల్, షుస్టర్లు సూపర్‌మాన్‌మీద సర్వహక్కులు 130 డాలర్లకు రాసి ఇచ్చారు. 1947లో దావా వేశారు, హక్కులు తిరిగి రాలేదు, ఉద్యోగాలు పోయాయి. సూపర్‌మాన్ సినిమా తయారవుతున్న 1975లో సీగెల్ పత్రికలకెక్కిన తర్వాతగాని వార్నర్ సంస్థ వారికి ఏటా 20,000 డాలర్ల పింఛనూ, కథమీద వారి పేర్లూ ఇవ్వలేదు. అప్పటికి బొమ్మలు గీసిన షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది. ఆ 130 డాలర్లు కలిసిన చెక్కు కాగితం 2012 వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. సీగెల్ వారసులు 2008లో కింది కోర్టులో నెగ్గారు. 2013 జనవరిలో అప్పీలు కోర్టు, 2001లో కుదిరిన ఒప్పందం చెల్లుతుందని సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. సరిగ్గా ఆ జనవరిలోనే "ఇన్‌జస్టిస్" మొదటి భాగం వెలువడింది. అందులో సూపర్‌మాన్ ప్రపంచాన్ని తన సొత్తు చేసుకోవడం మొదలుపెడతాడు, బయట సూపర్‌మాన్ ఎవరి సొత్తో కోర్టు తేలుస్తుంది. ఇది కాకతాళీయమే. కాని గని యజమానికి బుద్ధి చెప్పిన వీరుడి సృష్టికర్తలు తమ యజమానులముందు ఒంటరిగా నిలబడి ఓడిపోవడం కాకతాళీయం కాదు. వాళ్ల వెనకా సంఘం లేదు.

ఆట ముగింపులో ఆ యాజమాన్యం స్పష్టంగా కనిపిస్తుంది. నియంత సూపర్‌మాన్‌ను ఓడించేది ఎవరు? మరో లోకం నుంచి రప్పించిన మంచి సూపర్‌మాన్! సరుకు చెడిపోలేదు, ఒక నమూనా మాత్రమే చెడిందన్నమాట. సంస్థకు అంతకంటే భరోసా ఇచ్చే ముగింపు లేదు.

నా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది. సూపర్‌మాన్ యుద్ధాలు ఆపినందువల్ల దుర్మార్గుడు కాలేదు. ప్రజల పేరు చెప్పి ప్రజల పని తానొక్కడే చేసినందువల్ల అయ్యాడు. ఆ విత్తనం 1938 గని కథలోనే వుంది, 75 ఏళ్లకు కాయ కాసింది. ఈ పుస్తకం ఆ కాయను నిజాయితీగా చూపింది, చెట్టును మాత్రం చూపలేకపోయింది. ఇది మనకు పట్టని సంగతి అనుకోవద్దు. మంచివాడు దొరికితే చాలు, అడగవలసిన పని లేదు అనే నమ్మకం అమెరికా బొమ్మల పుస్తకాల్లోనే పుట్టలేదు. సగం పుస్తకం దాకా నన్ను సూపర్‌మాన్ పక్షాన నిలబెట్టింది ఆ నమ్మకమే. ఆ సంగతి కూడా అతనికి దాచకుండా చెప్పాను.

అతను అంతా విని, "అయితే ఆ జనరల్ చేతిలోంచి తుపాకి ఎవరు లాగాలి సార్?" అని అడిగాడు. దానికి నేను ఒక్క మాటలో జవాబు చెప్పలేదు. వచ్చే వారం తరగతిలో ఆ గని కథనూ, ఫ్లింట్ సమ్మె చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదవాలని నిర్ణయించుకున్నాం.