మెసేజ్ క్యూ ప్రోగ్రామింగ్: చరిత్ర

రెండు ప్రోగ్రాములు ఒకే సమయంలో నడవకపోయినా ఒకదానికొకటి సమాచారం పంపుకునే ఏర్పాటే మెసేజ్ క్యూ. పంపే ప్రోగ్రాం సందేశాన్ని క్యూలో పెట్టి తన పని తాను చూసుకుంటుంది. అందుకునేది వీలు చిక్కినప్పుడు తీసుకుంటుంది. రెండూ ఒకే భాషలో రాసినవి కానక్కర్లేదు. అయితే ఈ వెసులుబాటు అన్ని భాషలకూ అందడానికి చాలా ఏళ్లు పట్టింది.

1993లో ఐబీఎం ఎంక్యూ సిరీస్‌ను విడుదల చేసింది. అప్పటికే బ్యాంకుల ఖాతాలు మెయిన్‌ఫ్రేముల మీద కోబాల్ ప్రోగ్రాముల్లో ఉండేవి. కొత్త అప్లికేషన్లు యూనిక్స్ మీద సీ భాషలో వస్తున్నాయి. ఎంక్యూపుట్, ఎంక్యూగెట్ వంటి కొద్దిపాటి ఆదేశాలతో ఐబీఎం ఈ రెండింటినీ కలిపింది. అక్షరాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మెయిన్‌ఫ్రేములు వాడే అక్షర సంకేతాలు ఎబ్‌సిడిక్, యూనిక్స్ యంత్రాలు వాడేవి ఆస్కీ. అందుకే ప్రతి సందేశం శీర్షికలోనూ అది ఏ అక్షర సంకేతాల్లో ఉందో రాసి ఉంటుంది. తీసుకునే ప్రోగ్రాం కోరితే మార్పిడి జరుగుతుంది.

1998లో సన్ మైక్రోసిస్టమ్స్ జావా మెసేజ్ సర్వీస్ ప్రమాణాన్ని తెచ్చింది. ఏ కంపెనీ క్యూ వాడినా జావా ప్రోగ్రామర్ రాసే కోడ్ దాదాపు ఒకటే అయింది. కానీ నెట్‌వర్క్ మీద బైట్లు ఏ క్రమంలో వెళ్లాలో ఆ ప్రమాణం చెప్పలేదు. ఒక కంపెనీ లైబ్రరీ ఇంకో కంపెనీ సర్వర్‌తో మాట్లాడలేకపోయేది. పైథాన్, రూబీ వాడేవారికి అందులో చోటే లేదు.

ఈ లోటును జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకులో జాన్ ఓ'హారా పట్టుకున్నారు. 2003లో ఆయన మొదలుపెట్టిన ఏఎంక్యూపీ అనే ప్రోటోకాల్, నెట్‌వర్క్ మీద వెళ్లే బైట్ల రూపాన్నే నిర్దేశించింది. 2007లో వచ్చిన రాబిట్‌ఎంక్యూ సర్వర్ దానికి పేరు తెచ్చింది. ఈ సర్వర్‌ను రాసింది ఎర్లాంగ్‌లో. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ తయారుచేసిన భాష అది. వాడేవారికి ఎర్లాంగ్ రానక్కర్లేదు: పైథాన్‌లో పికా, రూబీలో బన్నీ లైబ్రరీలు చాలు.

2011లో లింక్డ్‌ఇన్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన కాఫ్కా అనే సందేశ వ్యవస్థ స్కాలా, జావా భాషల్లో పుట్టింది. చదివినంత మాత్రాన సందేశం అందులోంచి చెరిగిపోదు. ఎంతవరకు చదివామో గుర్తు పెట్టుకుంటూ ముందుకు సాగాలి. దాని ప్రోటోకాల్‌ను సీ భాషలో అమలుచేసిన లైబ్‌ఆర్‌డీకాఫ్కా ఆధారంగా పైథాన్, గో, సీ షార్ప్ లైబ్రరీలు తయారయ్యాయి.

ప్రోటోకాల్ ఒకటే అయినా భాషల స్వభావం అడుగడుగునా బయటపడుతుంది. రాబిట్‌ఎంక్యూలో తాము బతికే ఉన్నామని క్లయింట్, సర్వర్ అప్పుడప్పుడూ ఒకదానికొకటి హార్ట్‌బీట్ పంపుకుంటాయి. పికాలో బ్లాకింగ్ కనెక్షన్ వాడుతూ, వచ్చిన సందేశం మీద చాలాసేపు పనిచేస్తే హార్ట్‌బీట్ ఆగిపోయి సర్వర్ కనెక్షన్ తెంచేయవచ్చు. రాబిట్‌ఎంక్యూ గో లైబ్రరీలో హార్ట్‌బీట్ పంపే పని వేరే గోరొటీన్‌లో, అంటే సమాంతరంగా, సాగుతుంది కనుక ఈ ఇబ్బంది రాదు.

ఏ భాషా తప్పించలేని సమస్య ఒకటుంది. పని పూర్తయ్యాక, అందినట్టు సర్వర్‌కు చెప్పేలోపు ప్రోగ్రాం ఆగిపోతే అదే సందేశం మళ్లీ వస్తుంది. అందుకే డబ్బు బదిలీల వంటి చోట్ల ప్రతి సందేశానికీ ఒక సంఖ్య ఇచ్చి, పూర్తయిన సంఖ్యలను డేటాబేస్‌లో నమోదు చేసి, మళ్లీ వచ్చినవాటిని వదిలేస్తారు.