బాద్షా టోపీలు, అబ్బా జిల్దులు

మా అబ్బా కాకినాడ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత జగన్నాథపురంలోని మా ఇంటి వసారాలో ఓ బల్ల వేసుకుని జిల్ద్‌సాజీ మొదలుపెట్టారు. చిరిగిన ఖురాన్ ప్రతులు, ఉర్దూ కితాబులు, పిల్లల స్కూలు పుస్తకాలు, ఎవరు ఏది తెచ్చినా విప్పి, కుట్టి, కొత్త అట్ట వేసి ఇచ్చేవారు. దబ్బనం, మైనం పట్టించిన దారం, కాలికో గుడ్డ, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి ఉడికించిన మైదా జిగురు. అదే ఆయన కార్ఖానా. డబ్బులు అడిగేవారు కాదు. ఇస్తే దారం కొనేవారు.

పోయినేడు మేం అన్నదమ్ములం ఆ బల్ల తీయించేశాం. "డెబ్బై ఆరేళ్ల మనిషి చేత పని చేయిస్తున్నారేంటని మొహల్లాలో అంటున్నారు అబ్బా, మాకు షరమ్‌గా ఉంది" అన్నాడు భాయీజాన్. నేనూ తలూపాను. అబ్బా ఏమీ అనలేదు. అసర్ నమాజ్ చదివొచ్చి, కుర్చీలో కూర్చుని, ఉత్త దారాన్ని వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండేవారు.

అప్పుడే ఓ వ్యాసం కోసం ఔరంగజేబు ఆఖరి రోజుల గురించి చదివాను. మన ప్రాంతానికి ఆయన పరాయి పేరేం కాదు. 1687లో గోల్కొండ కిలా పడిపోయాక, రాజమహేంద్రవరం సర్కారుతో సహా ఈ తీరమంతా మొఘల్ సల్తనత్‌లోకి వెళ్లింది. ఆయన జంగులు, జిజియా మీద బహస్ వేరే. నన్ను ఆపింది ఆయన చేతిపని.

షహజాదాగా ఉన్నప్పుడే నస్ఖ్, నస్తాలీఖ్ రాతలు నేర్చాడు. ఖురాన్‌ను స్వదస్తూరీతో రాసి, అందంగా జిల్ద్ కట్టించి మదీనాకు పంపాడని 'మఆసిరె ఆలమ్‌గీరీ' చెబుతుంది. 1707లో అహ్మద్‌నగర్‌లో చనిపోయేనాటికి వయసు 88 ఏళ్లు. 'అహ్కామె ఆలమ్‌గీరీ'లో ఆయనదిగా చెప్పే వసీయత్ ఒకటి ఉంది. జాదూనాథ్ సర్కార్ దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చారు. టోపీలు కుట్టగా వచ్చిన నాలుగు రూపాయల రెండణాలు తన కఫన్‌కు వాడమన్నాడు. ఖురాన్ రాయగా వచ్చిన 305 రూపాయలు ఫకీర్లకు పంచమన్నాడు.

ఆయనకంటే ముందు, 1246 నుంచి 1266 దాకా ఢిల్లీ ఏలిన సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్ కూడా ఖురాన్ ప్రతులు రాసి అమ్మి, ఆ పైసలతో తిండి తినేవాడని ఇబ్నె బతూతా రాశాడు. ఆ సుల్తాను చేతిరాత ప్రతిని ఖాజీ కమాలుద్దీన్ తనకు చూపించాడనీ చెప్పాడు.

వీళ్లిద్దరికీ ఖజానా లేకా? కొడుకులు చూడకా? తన చేతి కష్టంలో మనిషికో ఇజ్జత్ ఉంటుంది. తఖ్త్ ఇవ్వలేనిది అది. మేం అబ్బాకు ఆరామ్ ఇస్తున్నామనుకుని ఆ ఇజ్జత్‌నే తీసేశాం.

మర్నాడే మేడ మీద నుంచి బల్ల దించి, దుమ్ము తుడిచి, పాత చోటే వేశాను. వసీయత్ సంగతి అబ్బాకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఆ బల్లను చేత్తో నిమురుతూ ఉన్నారు. తర్వాత అడిగారు:

"బేటా, ఇంట్లో మైదా ఉందా?"